సారు రాయికి అంటిన బురద

మాది ఏన్కూరు. మైక్ సెట్లు కిరాయికి ఇస్తుంటాను. మొన్న వానాకాలంలో మా పాత ఎమ్మెల్యే గారు చనిపోతే సంస్మరణ సభకు మైకు నేనే పెట్టాను. అడవి ఊళ్లకు నడిచి వెళ్లి, జ్వరమొచ్చిన వాళ్లను దవాఖానాకు తెచ్చిన మనిషి ఆయన.

ఒక కోయ ఊరివాళ్లు పొడవాటి రాయిని ట్రాక్టరులో తెచ్చి స్టేజీ మెట్ల పక్కన పెట్టారు. పెద్దలు పోతే వాళ్ల పేరున ఊళ్లో రాయి నిలబెట్టడం వాళ్ల ఆచారం. ఎమ్మెల్యే సారు భార్య చేత దానికి పసుపు పెట్టించుకుని పోదామని వచ్చారు.

గ్రౌండంతా బురద. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు మెట్లెక్కబోతూ ఆ రాయికే బూట్లు రెండూ గీక్కున్నాడు. వెనక వాళ్లూ అదే పని చేశారు.

"అది మా సారు రాయి, అయ్యా" అంది ఆ ఊరి ముసలమ్మ.

"జరుగవ్వా, ఫొటోకు అడ్డమొస్తున్నవ్" అన్నాడు అతని మనిషి.

కాసేపటికి ఆ నాయకుడు "సారు నాకు దేవుడు" అంటూ కళ్లు తుడుచుకుంటుంటే మైకు తీగ పీకేశాను.

"ఏందయ్యా, కరెంటు పోయిందా?" అన్నాడు నాయకుడు.

"లేదు సార్, నేనే తీసిన."

కింద ముసలమ్మ కొంగుతో రాయి తుడుస్తోంది. "సారు గూడ బురదల్నే వచ్చేటోడు బిడ్డా. కాళ్లు కడుక్కున్నంకనే మా ఇంట్లకొచ్చేటోడు" అంది.

ఆ రోజు సారుకు దక్కిన నివాళి అదొక్కటే. దానికి మైకు అవసరం పడలేదు.