మంచానికి ఇచ్చిన మందు

నర్సింగు రెండో ఏడు మందుల సబ్జెక్టులో క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, నోటికో సూదికో సరైన దారి, సరైన వేళ అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. ఆ పొగరు నెత్తికెక్కిన మాట నిజం. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో డ్యూటీ పడ్డాక మూడో వారానికే అది దిగిపోయింది.

మా వార్డులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎనిమిది, పదిహేడు, ఇరవై రెండు, అంతే. పదిహేడో బెడ్డావిడకి షుగరు, పొద్దున్న టిఫినుకి ముందు ఇన్సులిన్ వెయ్యాలి. ఎనిమిదిలో శ్రీకూర్మం వైపు నుంచి జ్వరంతో వచ్చిన ముసలావిడ. ఆ వరసలో పడుకుంటే తల ఉత్తరానికి వస్తుంది. అలా పడుకోకూడదని వచ్చిన దగ్గర్నుంచీ గోల చేసి, ఆ పొద్దున్న ఎదుటి వరసలోని పదిహేడావిడతో బెడ్డు మార్చేసుకుంది. ఎనిమిది మీద ఫ్యాను బాగా తిరుగుతుందని ఆవిడా సరేనంది. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

పదిహేడున్న వరస నాకు ఆ రోజే ఇచ్చారు. ఇన్సులిన్ ట్రేతో వెళ్లి పదిహేడని బెడ్డు నంబరు చూశాను. మందుల షీటులో పేరు, వయసు అన్నీ ఉన్నాయి, చదవలేదు. సూది వెయ్యాలంటే ముసలావిడ చెయ్యి చాపింది. "మెల్లిగెయ్యమ్మా" అంది.

ముప్పావు గంటకి ఆవిడ ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే పలుకు లేదు. వార్డు సిస్టరు పరుగున వచ్చి వేలు గుచ్చి షుగరు చూసింది, బాగా పడిపోయింది. డాక్టరుని పిలిపించి, నరంలోకి గ్లూకోజు ఎక్కించాక నా వైపు తిరిగింది.

"పేరడిగినావేటే?"

"బెడ్డు నంబరు సూసేను సిస్టర్."

"మందు మంచానికిచ్చినావా, మనిషికిచ్చినావా?"

ఈవిడ పోతే నేను చంపినట్టే అన్న ఒక్క మాటే లోపల తిరిగింది. మధ్యాహ్నానికి ఆవిడ తేరుకుంది. జరిగినదంతా నా చేతే రిపోర్టు రాయించారు. ఆవిడతో మాత్రం షుగరు పడిపోయిందన్నారు గానీ ఎందుకు పడిపోయిందో చెప్పలేదు.

మర్నాడు నేను వార్డులో అడుగు పెట్టగానే ఆవిడ లేచి కూర్చుని పక్క బెడ్ల వాళ్లకి నన్ను చూపించింది.

"ఓలమ్మ, ఈ పిల్ల సెయ్యి ఎంత మంచిదో! నిన్న సూదేసినాది, సెమటలు పట్టి జొరం దెబ్బకి దిగిపోనాది. అదే సూది ఇంకోటెయ్యి తల్లీ" అని చెయ్యి చాపింది.

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామనే అనిపించింది కూడా. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"మామ్మా, అది నీకెయ్యాల్సిన సూది కాదు. ఇంకొకరిది నీకేసేసేను. నిన్న నీ పేనం మీదకి తెచ్చింది నేనే" అన్నాను.

ఆవిడ చాపిన చేతిని మెల్లగా దుప్పటి లోపలికి తీసుకుంది. డిశ్చార్జి అయ్యే దాకా నా చేత మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు.