మస్టర్ తేదీ, రైలు తేదీ

"కారు మాట్లాడుదామే అమ్మా. నాలుగున్నర గంటల్ల దించుతడు."

"ఆ కిరాయికి ఇంటిల్లిపాది తిరుపతి పోయి రావచ్చు."

"అయితె బస్సెక్కు. ఆడోళ్లకు ఫ్రీ, నీకు, పిల్లకు టికెట్టే లేదు గద!"

"ఊరూరికి ఆగుకుంట పోతది. పిల్ల పదికి అక్కడుండాలె. రైలుకు పైసలు తక్కువ, రైలు జల్ది. రైలే అన్న గద!"

నాకూ నా కొడుక్కూ మూడు రోజులు ఇదే కొట్లాట. వాడి బిడ్డకు నర్సు ఉద్యోగం వచ్చేలా ఉంది. మంగళవారం పొద్దున పదింటికి హైదరాబాద్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. పోకపోతే ఉద్యోగం వెనకవాళ్లకు పోతుంది. చివరికి నా మాటే నెగ్గింది. రామగుండంలో రాత్రి పన్నెండు దాటాక ఒక రైలుంది. "సోమవారం రాత్రికి చెయ్" అన్నాను. వాడు ఫోన్‌లో సోమవారం తేదీకే రిజర్వేషన్ చేశాడు.

సోమవారం సాయంత్రం గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. సంచి కట్టడం, విప్పడం, సర్టిఫికెట్లు చూడడం, మళ్లీ కట్టడం. మనవరాలు ఫోన్ చూసి బిగుసుకుపోయింది.

"అవ్వా, ఈ రైలు నిన్న రాత్రే పోయింది!"

"ఎట్ల పోతది? ఇయ్యాల సోమవారం గాదు?"

"పన్నెండు దాటితె తారీఖు మారుతది అవ్వా!"

మాకు మారదు. సోమవారం రాత్రి బొగ్గుబాయిలోకి దిగినవాడు మంగళవారం పొద్దున పైకొచ్చినా, హాజరు మస్టర్‌లో పడేది సోమవారమే. మొదట నా భర్త, ఇప్పుడు కొడుకు, ఆ హాజరుతోనే జీతం తెచ్చారు. మా ఇంట్లో రాత్రి అంటే తెల్లారేదాకా ఒకటే తేదీ.

కొడుకు తల గోక్కున్నాడు. "నైట్ షిఫ్టు లెక్క ఏసిన అమ్మా."

"ఏపిచ్చింది నేనే గద. రేపటి టికెట్ దొర్కదా?"

"ఆ బండి రోజూ లేదు. తక్కినయి పది దాటినంకనే చేరుతయి."

మనవరాలు ఏడవలేదు. గోడకానుకుని నా ముఖమే చూస్తోంది. సంచి ముడి గట్టిగా బిగించాను.

"కారు చెప్పు" అన్నాను.

"ఏందీ?"

"చెవుడా? జల్ది చెప్పు."

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి కారు వచ్చింది. ఎనిమిదిన్నరకు ఆఫీసు ముందు దిగాం. గేటు ఇంకా తెరవలేదు. పదింటికి మనవరాలిని పిలిచారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని తీసుకున్నారు. కారును పంపించేసి, తిరుగు ప్రయాణానికి ఇద్దరం బస్టాండుకు పోయాం.