పట్టుచీరల్లో చేపల గంపలు

నిద్రపోయినా లాభం వచ్చే పట్టుచీరల దుకాణాన్ని కాదనుకుని, సమాజాన్ని మారుస్తానంటూ డాక్యుమెంటరీలు తీసే వ్యాపారంలోకి దిగాను. ఇంత దర్జాగా నష్టపోయే తెలివి మా బరంపురం బజారులో ఇంకెవరికీ లేదు. నిన్న రామయ్యపట్నంలో షూటింగు ముగించి వచ్చి కెమెరా సంచీ విప్పితే ఎండుచేపల వాసన గుప్పుమంది. దాంతోపాటే, ఈ జబ్బు నాకు అంటుకున్న వేసవి కూడా.

మా వీధిలో వేసవి అంటే డాబాల మీద ఆరే అప్పడాల ఇంగువ వాసన, నాన్న దుకాణంలో మడత విప్పిన కొత్తపట్టు వాసన, ఆ రెంటినీ చీల్చుకుంటూ మిట్టమధ్యాహ్నం వచ్చే నూకమ్మ చేపలగంప. కంపు కొడుతుందని బస్సువాళ్లు గంపని ఎక్కనివ్వరు కనుక, ఏదో ఒక లారీ ఆగేదాకా ఆమె రామయ్యపట్నం రోడ్డు మీద నిలబడాలి. ఈలోగా చేప మెత్తబడేది. ఆ మెత్తదనాన్ని వేలితో నొక్కి చూపించి ధర సగానికి దించడం పదేళ్ల వయసులో నా విద్య. ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు.

ఒకరోజు నేనడిగిన ధరకే ఇచ్చేసింది.

“రేపట్నుంచి రాను పాపా. ఒడ్డునే దళారీకి పడేస్తాను. ఆడూ నీలాగే నొక్కుతాడు గానీ, లారీ కిరాయైనా మిగుల్తాది.”

ఆ పూటే పెళ్లి వీడియోలు తీసే చిన్నాన్న వెంటపడి, చేపలమ్మే వాళ్లని బస్సు రోడ్డు మీదే వదిలేసి పోవడం వీడియో తీయమని బతిమాలాను. కబురందిన నూకమ్మ, మరో ఐదుగురు తలంటుకుని, పెళ్లినాటి పట్టుచీరలు కట్టి, కనకాంబరాలు తురుముకుని, గంపలతో రోడ్డెక్కారు.

“ఏటిది, సేపలమ్మడానికా, పెళ్లికా?” అన్నాడు చిన్నాన్న.

“నువ్వు తీసేది పెళ్లిళ్లే కదా బావూ,” అంది నూకమ్మ.

బస్సు వచ్చింది, గంపల్ని చూసింది, దుమ్ము కొట్టి పోయింది. ఆరు పట్టుచీరలూ ఒకే రంగుకి తిరిగాయి. చిన్నాన్న తనకొచ్చిన పద్ధతిలోనే వాళ్లందరి మీదా వీడియోలో గులాబీ రేకులు కురిపించి క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు.

మా దుకాణంలో పరుపు మీద కూర్చుని షర్బత్ అందుకున్నవాడు మధ్యలో లేచిపోలేడు. కూతురి పెళ్లిచీరలకి ఆ బస్సు యజమాని వచ్చినప్పుడు టీవీలో క్యాసెట్టు పెట్టేశాను.

“ఎవరి పెళ్లి?” అంటూ ముందుకు జరిగాడు. పూలు, చీరలు, ఆ తర్వాత దుమ్ము. గ్లాసు కింద పెట్టాడు.

“నా బస్సే,” అని నాన్న వైపు తిరిగాడు. “గంపలెక్కితే సీట్లు కంపు కొడతాయి. టికెట్టు ఎవుడు కొంటాడు?”

నాన్న చీరలు ముందుకు తోశాడు. “గోనెలు పరిచి టాపు మీద ఎక్కించండి. వీటి ధరలో నేను తగ్గిస్తాను.”

బస్సు యజమాని రెండు గంపల దగ్గర మొదలెట్టాడు, నేను పది దగ్గర. రెండో షర్బత్‌కి ఆరు దగ్గర బేరం తెగింది.

మర్నాడు పొద్దున్నే నూకమ్మ వచ్చింది. చేప మీద వేలు పెట్టాను. దిగలేదు.

“నొక్కు, ఇంకా నొక్కు,” అని నవ్వింది. “ఈయాల రేటు నేను సెప్తాను.”

ఇప్పుడా బస్సు లేదు, క్యాసెట్టుకి బూజు పట్టింది, చేపలు ఐసుపెట్టెల్లో వ్యానెక్కి వస్తున్నాయి, వీధిలో చేపలమ్మే కేక వినబడదు. లెక్క చెప్పాలంటే, ఇన్నేళ్ల నా సినిమాల్లో కళ్లారా చూసిన మార్పు ఒక బస్సు టాపు, ఆరు గంపలు. అందులో సగం నాన్న వదులుకున్న లాభానిది. మిగతా సగం నాది. దానికి ఖర్చు, ఆ రోజు నుంచీ మా ఇంట్లో చేపకి పూర్తి ధర.