నీళ్లు లేని రోజు నల్ల కారు

బావ మెత్తటి గుడ్డను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి ఎడమచేతిలో పెట్టుకున్నాడు. కుడిచేత్తో సీసా పట్టుకుని కారు డిక్కీ మీద ఓ మూల స్ప్రే కొట్టాడు. దుమ్ము తడిసి, నల్లరంగు మీద బూడిద చుక్కలు తేలాయి. వెంటనే తుడవలేదు. దుమ్ము వదులయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్లు కడిగే ఆయన్ని అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆయన ఒక్కరికే బావ, ఆ నల్ల ట్యాక్సీ నడిపే మరదలికి. ఆమె పిలవగా పిలవగా వాచ్‌మన్ నుంచి పై అంతస్తు డాక్టరుగారి దాకా అందరి నోటా అదే స్థిరపడింది. మొదట్లో మొహం మాడ్చుకునేవాడు. ఇప్పుడు పలుకుతున్నాడు.

పొద్దున అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు కాలిపోయింది. కొళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. ఒక హోటల్లో కార్ల సంగతి చూసే మేనేజరు మధ్యాహ్నం వచ్చి మరదలి బండి చూస్తానని కబురు పెట్టాడు. నచ్చితే హోటల్ వాకిట్లో దానికి చోటు ఖాయం, బేరాల కోసం బస్టాండు ముందు పడిగాపులు కాసే బాధ తప్పుతుంది. బండి పాతదే. పెయింటు బాగుందని ఎవరో చెప్పబట్టి వస్తున్నాడు. అందుకే ఆమె నీళ్లు లేకుండా కారు తుడిచే మందు సీసా ఒకటి కొనుక్కొచ్చింది.

బావ పెదవి విరిచాడు. పైపుతో దుమ్ము కడిగేశాకే గుడ్డ ముట్టుకోవాలని ఆయన పట్టు. పొడి దుమ్ము మీద గుడ్డ వేయడమూ గరుకు కాగితంతో రుద్దడమూ ఆయన దృష్టిలో ఒకటే.

"మురికి బండి చూపించమంటావా బావా?"

"గీతల బండి చూపిస్తావా?"

"గీత పడకుండా తుడిచే చెయ్యి నీదనే నీ దగ్గరికి తెచ్చా. పొగిడాను కదా, ఇక కానియ్."

అందుకే ముందు డిక్కీ మూల. గుడ్డ మీద బరువు వేయకుండా ఒకే వైపుకు ఒక్కసారి లాగాడు. మడత మార్చి మరోసారి. ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి కళ్లు చికిలించి చూశాడు. ఒక్క గీత లేదు. లైటు ఇంకోవైపు నుంచి పట్టాడు. లేదు. "పర్లేదు" అన్నాడు. బావ నోట ఆ మాట రావడమే గొప్ప అని మరదలికి తెలుసు. పైకప్పు, అద్దాలు, తలుపుల పైభాగం అలాగే మెరిసిపోయాయి.

తలుపుల కింద మాత్రం నిన్నటి వానకు చిందిన మట్టి ఎండి పెళ్లలు కట్టింది. అక్కడ బావ సీసా పక్కన పెట్టేశాడు. అదీ లాగేయమంది మరదలు.

"దుమ్ము వేరు, మట్టి వేరు. ఈ పెళ్లల్లో ఇసుకుంటుంది. ఎంత స్ప్రే కొట్టినా గుడ్డ కింద దొర్లుతుంది. దీనికి నీళ్లే కావాలి."

ఆమె వాచ్‌మన్‌ని బతిమాలి తాగేనీళ్ల క్యాన్ ఒకటి సంపాదించింది. గేటు దగ్గర మట్టినేల మీద ఉన్న దాన్ని బావ భుజానికెత్తుకుని తెచ్చాడు. పాత తువ్వాళ్లు తడిపి తలుపుల కింది అంచుకు అంటించి, మట్టి నానాక చెంబుతో పైనుంచి నీళ్లు వదిలాడు. రుద్దకుండానే మట్టి జారిపోయింది.

ఇక మిగిలింది బానెట్. స్ప్రే కొట్టి, భుజం మీది గుడ్డ తీసి లాగాడు. సర్రుమంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చేతికి వేరే పని తగిలితే గుడ్డ భుజాన వేసుకోవడం ఆయనకు ఏనాటిదో అలవాటు. బకెట్లో ముంచి తీసే రోజుల్లో దానివల్ల ఏ నష్టమూ జరగలేదు. ఇవాళ ముంచడానికి బకెట్ లేదు. ఇసుక అంటిన క్యాన్ అడుగు ఆ గుడ్డ మీదే ఆనింది. లైటు పట్టి చూస్తే బానెట్ మీద జానెడు పొడుగున వెంట్రుకంత గీత.

మరదలు అవతల ఫోన్లో ఉంది. మేనేజరు బయల్దేరాడట. బావ ఆమెను పిలిచాడు.

"సీసా తప్పేం లేదమ్మాయ్. గుడ్డ భుజాన వేసుకున్నా."

ఆమె గీత వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఆ అలవాటు మాన్పించడం మా అక్కవల్లే కాలేదు, నావల్ల ఏమవుతుంది" అంది. "పోతుందా?"

"చాలామటుకు."

కొత్త గుడ్డ తీసి, వేలికొనకు చుట్టి, చిటికెడు పాలిష్ అద్ది చిన్న చిన్న సున్నాలు చుట్టాడు. మళ్లీ తుడిచి చూశాడు, మళ్లీ అద్దాడు. గీత పలచబడి పలచబడి, వెలుగు ఏటవాలుగా పడితే తప్ప కనిపించనంత నీడగా మిగిలింది. ఇంకా రుద్దితే పైపూత అరుగుతుందని అక్కడితో ఆపాడు.

మేనేజరు వచ్చి బండి చుట్టూ నింపాదిగా తిరిగాడు. కూర్చుని తలుపుల అడుగు చూశాడు. బానెట్ దగ్గర వంగి, ఇదేమిటన్నాడు. మరదలు నోరు విప్పేలోపే బావ అందుకున్నాడు.

"ఇందాక నా గుడ్డకు ఇసుక అంటుకుని పడిందండీ. పైపూత మీదే. గోటితో చూడండి, తగలదు."

ఆయన గోరు ఆనించాడు. తగల్లేదు. రోజూ ఇలాగే ఉంచగలరా అని అడిగాడు.

"మామూలు దుమ్మైతే ఈ సీసా చాలు. వాన పడ్డ రోజు మాత్రం నీళ్లు ఇప్పించాలి."

"మా దగ్గర కొళాయి ఉందిలే" అన్నాడాయన. మరదలి వైపు తిరిగి, సోమవారం పొద్దున్నే బండి వాకిట్లో పెట్టమన్నాడు.

ఆయన వెళ్లాక బావ తలుపు పిడి మీది వేలిముద్ర తుడిచి, తాళంచెవి మరదలి చేతిలో పెట్టాడు.