ఎస్తేరక్క మా ఇంటికొచ్చిన పొద్దు

నిన్న ఏటా చేయించుకునే రక్తపరీక్షకు వెళ్ళాను. అద్దాల తలుపులు, చల్లటి గది, ఎక్కడా చప్పుడు లేదు. టెక్నీషియన్ అమ్మాయి మోచేతి మడతలో స్పిరిట్ దూది రాయగానే ఆ చల్లదనానికీ ఆ ఘాటు వాసనకీ నా కళ్ళు వాటంతటవే మూతలుపడ్డాయి. మూసిన రెప్పల వెనక పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు మెట్లదారి, పైన పచ్చరంగు కిటికీలున్న మేడగది, ఆ గదిలో తెల్లకోటు జేబులో రెండు పెన్నులు పెట్టుకుని నిలబడ్డ ఎస్తేరక్క. "అయిపోయిందండీ, చెయ్యి మడవండి" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెబితే గాని నేను ఈ లోకంలోకి రాలేదు.

తొంభైల చివరి మాట. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి వచ్చి మలక్‌పేటలో అద్దెకు దిగాం. టైపు వచ్చు కాబట్టి నాకు హుస్సేనీ ఆలంలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు కొట్టే పని దొరికింది. ఎస్తేరక్క అక్కడ పెద్ద టెక్నీషియను, మా అందరికీ పైఅధికారి. ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. బురఖాల్లో వచ్చిన ఆడవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు, యేసుప్రభువుతో మాత్రం పెదవులు కదలకుండా మాట్లాడేది. రిపోర్టు చేతికిచ్చే ముందు ఎవరినైనా సరే ఎదురుగా కూర్చోబెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారో ఏం తాగారో అన్నీ చెప్పించేది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కునేవారు. ఈవిడకెందుకీ పెత్తనం అని నేనూ లోపల్లోపల విసుక్కున్నదాన్నే.

పనిలో చేరిన రెండో ఏడు నాకు థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. డాక్టరు మాత్ర రాసి, పరగడుపున వేసుకోమన్నారు. ఒక్కరోజు కూడా తప్పలేదు. అయినా ఒంట్లో బరువు దిగలేదు. జుట్టు ఉండలుగా దువ్వెనకు చుట్టుకొచ్చేది. మధ్యాహ్నం అజాన్ వినబడేసరికి టైపుమిషన్ మీది అక్షరాలు నీళ్ళలో తేలుతున్నట్టుండేవి. ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు ఎక్కడో దూరం నుంచి బయల్దేరి నా దాకా రావడానికి చాలాసేపు పట్టేది. రోజుల తరబడి అలా మేలుకునే నిద్రపోయాను.

మూడు నెలలకోసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేసేవారు. అది థైరాయిడ్‌ను పనిచెయ్యమని మెదడు అడుగున ఉన్న గ్రంథి పంపే సంకేతం. థైరాయిడ్ మందగిస్తే ఆ అంకె పెరుగుతుంది, మందు ఒంటికి పడితే తగ్గుతుంది. నా అంకె తగ్గలేదు. ఆ రిపోర్టు నా చేతులతో నేనే టైపు చేసుకున్నాను. డాక్టరు మోతాదు రెండుసార్లు పెంచారు. మూడోసారి కాగితం పక్కన పడేసి, "మీరు మాత్రలు వేసుకోవడం లేదమ్మా. నా దగ్గర అబద్ధమెందుకు?" అన్నారు. పక్కనే కూర్చున్న మా ఆయన నా వైపు తిరిగి, "నిజం చెప్పు శారదా, మానేస్తున్నావా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా గుండె పగిలింది. జబ్బుకైనా ఓర్చుకున్నాను గాని, కట్టుకున్నవాడి ముందు అబద్ధాలకోరుగా నిలబడడం నా వల్ల కాలేదు. మర్నాడు ఎస్తేరక్క దగ్గర ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నేను చెప్పింది విని లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే, ఆరింకా కాలేదు, మా తలుపు చప్పుడైంది. తీస్తే మంచులో ఎస్తేరక్క, భుజాన రక్తం తీసే సంచీతో. "ఈడ దగ్గర్ల ఒక ముసలామె రక్తం తీసేదుండె. గట్లనే నిన్ను చూసిపోదామని వచ్చిన" అంది. రేసుకోర్సులో గుర్రాలను నడిపిస్తున్నట్టున్నారు, డెక్కల చప్పుడు దూదిలో చుట్టినట్టు మెత్తగా వినిపిస్తోంది. మా ఆయన ఇంకా లేవలేదు. ఆమెకో గ్లాసు, నాకో గ్లాసు కాఫీ కలిపి తెచ్చాను. అలవాటు ప్రకారం మాత్ర నాలుక మీద వేసుకుని ఒక గుక్క తాగాను.

"రోజూ గిట్లనే ఏసుకుంటవా?" అంది ఎస్తేరక్క.

"అవునక్కా, రోజూ. పరగడుపునే."

"మరి చేతుల గదేంది?"

"కాఫీ."

"కాఫీ గూడ కడుపులకే పోతది గద, శారదా!"

మా అమ్మ కార్తీక సోమవారాలు చుక్క కనబడేదాకా మెతుకు ముట్టేది కాదు. కాఫీ మాత్రం పూటకొకటి తాగేది. కాఫీతో ఉపవాసం చెడదన్నది మా ఇంటి శాస్త్రం. దేవుడి ఉపవాసానికే అడ్డురాని కాఫీ మాత్రకు అడ్డొస్తుందని నాకెలా తడుతుంది? ఆ మాటే చెబితే ఎస్తేరక్క గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నీ కాఫీ సల్లగుండ! గోలి పని గోలిని చెయ్యనిస్తలేదు గది. ఉత్త నీళ్ళతోటి ఏసుకో, గంట దాక ఇంకేం ముట్టకు. డోసు పెంచిండు గద, గీ ముచ్చట ఇయ్యాలనే డాక్టరుకు చెప్పు. ఇగ ఎంత ఏసుకోవాల్నో ఆయననే చూస్తడు." నవ్వుల చప్పుడుకు మా ఆయన లేచి వచ్చారు. విషయం విని తలొంచుకున్నారు. ఆ పూట కాఫీ ఆయనే కలుపుకున్నారు.

రెండు నెలలకు అంకె దారికొచ్చింది. డాక్టరు "ఇక అంతా నార్మల్" అన్నారు. కానీ నా నీరసం పోలేదు. కొంత తగ్గింది, మిగతాది మొండికేసింది. పరీక్ష బాగుందంటోంది, ఒళ్ళు బాగాలేదంటోంది, రెండిట్లో అబద్ధమాడుతున్నది నా ఒళ్ళేనేమో అనిపించింది. ఒకరోజు రాజీనామా కాగితం టైపు చేసి ఎస్తేరక్క ముందు పెట్టాను. ఆమె దాన్ని చదవకుండా బోర్లించి, వెనక పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. "కాళ్ళల్ల చీమలు పాకినట్టు అయితదా?" అవుతుందన్నాను, కూర్చుని కూర్చుని అనుకున్నానన్నాను. "మాంసం, గుడ్లు?" ముట్టం అన్నాను. "నెలసరి ఎన్ని రోజులు?" చెప్పాను. "థైరాయిడ్ పరీక్ష థైరాయిడ్ సంగతే చెప్తది. నువ్వు అడగనిది అదెందుకు చెప్తది? ఐరన్, బీ ట్వెల్వ్ చూడాల్నా సార్ అని డాక్టరును అడుగు. మందు రాసుడు మన పని గాదు, అడుగుడు మన పని." నా రాజీనామా కాగితమే డాక్టరు దగ్గరికి వెళ్ళింది, వెనక నా బాధలు వరసగా రాసి. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చదివి, ఈసారి విసుక్కోకుండా పరీక్షలు రాశారు.

బీ ట్వెల్వ్ బాగా తక్కువగా ఉంది. రక్తం శాతం పరవాలేదు గాని ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటాయి. డాక్టరు ఇంజెక్షన్లు, మాత్రలు రాశారు. ఐరన్ గోలీ, థైరాయిడ్ గోలీ ఒక్కసారి మింగొద్దని, నడుమ నాలుగు గంటలుండాలని ఎస్తేరక్క నాతో మూడుసార్లు అనిపించింది. వెంటనే ఏమీ జరగలేదు. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మెట్లెక్కి ల్యాబులోకి వచ్చాక గాని, మధ్యలో ఎక్కడా ఆగలేదని నాకు తెలియలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. కింద వీధిలో గాజులవాడు అరుస్తున్నాడు. ఆ అరుపు నేరుగా నా చెవికే తగిలింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఎస్తేరక్క పని మానేసిన రోజున ఇద్దరం చాయ్ తాగుతూ కూర్చున్నాం. "అందరూ నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు మీరొక్కరే నమ్మారక్కా" అన్నాను. ఆమె సాసరు కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నేను గూడ నమ్మలే బిడ్డా. గోలీలు పారేస్తున్నవనే అనుకున్న. చెప్పి వస్తే జాగ్రత్తపడ్తవని చెప్పకుండ వచ్చిన. ముసలామె లేదు, ఏం లేదు. నిన్ను పట్టుకుందామనే వచ్చిన."

ఆ సాయంత్రం బస్సులో మూసీ దాటుతూ నేను చాలా బాధపడ్డాను. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టిందనుకున్న నమ్మకం అసలు లేనేలేదు. ఇల్లు చేరాక, వంట చేస్తూ, మెల్లగా తెలిసొచ్చింది. డాక్టరూ నమ్మలేదు, మా ఆయనా నమ్మలేదు, ఎస్తేరక్కా నమ్మలేదు. వాళ్ళిద్దరూ కుర్చీల్లో కూర్చునే తీర్పు చెప్పారు. ఆమె మాత్రం చలిలో లేచి, హుస్సేనీ ఆలం నుంచి మలక్‌పేట దాకా వచ్చి, తన కళ్ళతో చూసింది.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, "ఒంట్లో ఏదోలా ఉందమ్మా" అని మంచమెక్కితే నాకు ముందు కలిగేది అనుమానమే. చదవలేక సాకు చెబుతోందనుకుంటాను. ఇన్నేళ్ళకూ ఆ బుద్ధి పోలేదు. ఆ అనుమానాన్ని వెంటబెట్టుకునే, పొయ్యి కట్టేసి, దాని గదిలోకి వెళతాను.