జేబు మూలన మూడు కుట్లు

టైలరు మాస్టారికి పొగరని వీధంతా అంటుంది. ఉంటే ఉంది, తప్పేముంది? నలభై ఏళ్లుగా ఒకే మిషను ముందు కూర్చున్న మనిషి. ఆయన కుట్టిన ప్యాంటు జేబు మూలన ఎర్ర దారంతో అడ్డంగా మూడు కుట్లుంటాయి. గుడ్డ చిరగాలే తప్ప ఆ మూల ఊడదు.

మనవడికి ఇరవై ఒకటో ఏడు. పగలంతా పార్సిళ్ల గోడౌనులో బరువులు మోస్తాడు, సాయంత్రం నలుగురు స్నేహితులతో బస్‌స్టాపు మెట్ల మీద ర్యాప్ పాడతాడు. దేన్ని చూసినా వేళ్లతో వాయిస్తాడని అందరూ 'దరువు' అని పిలుస్తారు. వాడు పాడేది పాటో తిట్టో మాస్టారికి అర్థమయ్యేది కాదు. "ఊపిరి తీసుకోరా నాయనా, పోతావ్!" అని మొత్తుకునేవాడు. అయినా వింటూనే ఉండేవాడు.

వాడి నెత్తిన టోపీ, దాని మీద హుడీ, మెడలో గొలుసు. వాడు ఎదురొస్తే మందుల షాపావిడ బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేది. "వేషం చూస్తే తెలియట్లేదూ!" అని ఎవరితోనో అంటుంటే ఒకసారి మాస్టారి చెవిన పడింది. ఒళ్లు మండింది. "ప్యాంటు వదులైతే దొంగా, బిగుతైతే దొరా?" అని నడివీధిలో నిలదీశాడు.

ఆ కోపంతోనే మనవడికి తానే ప్యాంటు కుట్టాడు. వదులంటే అలాంటిలాంటి వదులు కాదు, ఒక్కో కాలులో ఇద్దరు పట్టేటంత. మొదటిది పిరుదుల దగ్గర పట్టేస్తే గుమ్మానికి తగిలించి దారినపోయే ఎవడికో అమ్మేశాడు. రెండోది అమరింది. వాడు అది వేసుకుని వీధి చివరిదాకా నడుస్తుంటే గుమ్మంలో నిలబడి కళ్లారా చూసుకున్నాడు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం పోలీసాయన వచ్చాడు. పదేళ్లుగా ఆయన యూనిఫాం కుట్టేది మాస్టారే. ఫోనులో ఫొటో చూపించాడు. హుడీ కప్పుకుని పరుగెత్తుతున్న మనిషి, వెనకనుంచి.

"మాస్టారూ, ఈ ప్యాంటు ఎక్కడిదో చెప్పగలరా?"

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నాడు. జేబు మూలన ఎర్రగా మూడు గీతలు. "ఎక్కడిదేంటండీ! ఇలాంటి పని ఈ ఊళ్లో ఇంకెవడు చేస్తాడు? నాదే!"

"ఎవరికి కుట్టారు?"

"మా మనవడికి. ఫొటోలో ఎంత బాగా పడిందో చూడండి!"

ఆ మాట కూడా అన్నాడు మహానుభావుడు. ఎందుకడుగుతున్నారని మాత్రం అడగలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

ముందురోజు పక్క వీధిలో ఒక ముసలి టీచరమ్మ చేతిసంచి లాక్కుని ఎవడో పారిపోయాడు. ఆవిడ కిందపడి తుంటి విరిగింది. ఆ వేళకి దరువు గోడౌను వెనక ఒక్కడే కూర్చుని పాట రాసుకుంటున్నాడు. పాట వచ్చి సాక్ష్యం చెబుతుందా? తోటివాళ్లందరి ముందూ బేడీలు వేసి తీసుకెళ్లారు. వాడి నోటుపుస్తకంలో 'మీ గుండెలు దోచుకుంటా' అన్న ముక్క దొరికితే అదీ రాసుకున్నారట. నవ్వాలో ఏడవాలో తెలియని రోజులు.

మాస్టారి కూతురు, అంటే దరువు తల్లి, దుకాణంలో కాజాలు కుడుతుంది. ఆవిడ ఏడవలేదు. కొడుకు స్నేహితుల ఫోనుకి చేరిన ఆ ఫొటో తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"భుజాలు చూడు నాన్నా."

చూశాడు. రెండూ సమానంగా ఉన్నాయి. దరువు చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి పడ్డాడు, అప్పట్నుంచీ వాడి ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంటుంది. వాడి ప్రతి చొక్కాకీ ఆ భుజంలో మెత్త పెట్టి కుట్టింది మాస్టారి చేతులే.

"నీ కుట్టు గుర్తుపట్టావు. నీ మనవణ్ణి గుర్తుపట్టలేదా?"

మాస్టారు టేపు పట్టుకుని స్టేషనుకి పరుగెత్తాడు. ముందు కుట్టిన ప్యాంటు సంగతి చెప్పాడు, భుజం సంగతి చెప్పాడు, కావాలంటే కొలవమన్నాడు. పోలీసాయన జాలిగానే చూశాడు. "మనవడు కదా, ఏదోటి చెబుతారు లెండి. ఆ రోజు నిజం చెప్పారు, అది చాలు." ఆయన బల్ల మీద చెయ్యి పెట్టి మాస్టారు పసిపిల్లాడిలా ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

తొమ్మిది రోజులకి అసలు దొంగ వేరే చోట దొరికాడు, అదే ప్యాంటుతో. దరువుని వదిలేశారు. "పొరపాటయింది" అని కూడా ఎవరూ అనలేదు. గోడౌనువాళ్లు ఇక రావద్దన్నారు.

వదిలేసిన నాలుగో రోజు వాడు దుకాణానికి వచ్చాడు. జుట్టు కురచగా కత్తిరించుకున్నాడు, మెడలో గొలుసు లేదు. చచ్చిపోయిన తండ్రి ప్యాంటు వేసుకున్నాడు, మామూలు బూడిదరంగుది.

"నడుం కొంచెం బిగించు తాతా. రేపు పని అడగడానికి వెళ్లాలి."

"తప్పు నాదిరా కన్నా. నన్ను తిట్టు, కొట్టు, ఏదోటి అను."

"పర్లేదులే తాతా."

మాస్టారు టేపు తీసుకుని వెనకనుంచి దగ్గరకి వెళ్లాడు. చెప్పకుండానే వాడు గోడవైపు తిరిగాడు. స్టేషనులో అలవాటైనట్టు కాళ్లు ఎడంగా జరిపి, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు గోడకి ఆనించి నిలబడ్డాడు.

"చేతులు దించరా నాన్నా, నేనేరా" అన్నాడు మాస్టారు. వాడు దించలేదు.