సుబ్బాయమ్మ నిండు నిమిషం

మా ఆసుపత్రి పేరు చెప్పను. ఏలూరులో ఉంది, మూడంతస్తులది, లిఫ్టు కూడా ఉంది, అది పనిచేసిన రోజులూ ఉన్నాయి. అంతకంటే ఆనవాళ్ళు అడక్కండి, నాకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు. నా పేరు మాత్రం చెబుతాను, భీమశంకరం. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేసేవారు. నాకు మంత్రాలు నోటికి రాలేదు, గ్రూపు పరీక్షల్లో ఉద్యోగం చేతికి రాలేదు. ఆఖరికి కంప్యూటర్లో అంకెలు ఎక్కించే పనిలో స్థిరపడ్డాను. రెండేళ్ళపాటు మా ఆసుపత్రిలో జరిగిన ఒక మహత్తర పరిశోధన తాలూకు అంకెలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి.

నేను చెప్పబోయేది నా గురించి కాదు లెండి, సుబ్బాయమ్మ గురించి. పసిపిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళుగా ఆయా. ఉంగుటూరు దగ్గర పల్లెటూరు. ఎకరం పొలం ఉండేది, మొగుడి జబ్బుకి అదీ పోయింది, మొగుడూ పోయాడు. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, గుడ్డలు మార్చి, నేల తుడిచి, పిల్లల్ని తూకం వేసి, సిస్టర్ల చేత నాలుగు మాటలు పడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. ఇన్నేళ్ళలో ఆవిడకి దొరికిన గౌరవం ఏమిటంటే, ఉద్యోగుల దినోత్సవానికి ఒక స్టీలు డబ్బా. దానికి మూత కుదరదు.

ఇక ఆ పరిశోధన. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఊపిరితిత్తులు సరిగ్గా విచ్చుకోవు. ముక్కులో సన్నటి గొట్టాలు పెట్టి ఒత్తిడితో గాలి పంపే మిషను ఒకటుంది. పక్కన నీళ్ళ సీసాలో బుడబుడమని బుడగలు వస్తుంటాయి కాబట్టి వార్డులో అందరం దాన్ని బుడగల మిషను అంటాం. దాన్నుంచి పిల్లల్ని ఎంత తొందరగా తప్పించి ఇంటికి పంపొచ్చో కనిపెట్టాలని మా పెద్ద డాక్టరు హేమంత్‌కుమార్ గారికి కోరిక పుట్టింది. మంచి కోరికే. మిషను తీసేశాక రోజుకి మూడుసార్లు ఊపిరి లెక్కపెట్టాలి. మూడుసార్లూ నిమిషానికి అరవై లోపుంటే బిడ్డ ఇంటికి వెళ్ళొచ్చు. అరవై దాటితే మళ్ళీ మిషను మీదికే. లెక్క నిండు నిమిషం పెట్టాలని నిబంధనల పుస్తకంలో లావుపాటి అక్షరాలతో ఉంది. ఆ పుస్తకం బీరువాలో బహు భద్రంగా ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

పధ్నాలుగు మంది పిల్లలకి ఇద్దరు సిస్టర్లు. ఒకరు ఇంజెక్షను చేస్తుంటే ఇంకొకరు ఫోను ఎత్తాలి, అంతలో మూడోబిడ్డ పాలు కక్కుతుంది. నిండు నిమిషం ఒక్క బిడ్డనే చూస్తూ కూర్చోవడానికి వాళ్ళేం దేవతలా? పావు నిమిషం చూసి, వచ్చిన అంకెని నాలుగుతో హెచ్చవేసి, కాగితం మీద పడేసేవారు. వాళ్ళని నేను అనను. ఇంకో నలుగురు సిస్టర్లని పెట్టండి బాబూ అంటే, డబ్బుల్లేవని చెప్పి రిసెప్షనులో పాలరాయి పరిపించిన పుణ్యాత్ముల్ని అంటాను.

హెడ్ సిస్టరు ప్రసన్నకుమారి మాత్రం తెలివైనది. "పిన్నీ, నీకు ఓపికెక్కువ గదా, కాస్త నువ్వు లెక్కపెట్టి చెప్పు, నేను రాసుకుంటాను," అని సుబ్బాయమ్మకి అప్పజెప్పింది. ఆవిడ లెక్కపెట్టే తీరే వేరు. వాళ్ళ నాన్న కళ్ళాల్లో కుంచంతో ధాన్యం కొలిచేవాడట. మొదటి కుంచానికి ఒకటి అనకుండా 'లాభం' అని, ఆ తర్వాత రెండు, మూడు అంటూ వెళ్ళాలి. కుంచం నిండకుండా అంకె నోట్లోంచి రాకూడదు, కొలత మధ్యలో ఎవరు పిలిచినా పలకకూడదు. సుబ్బాయమ్మ బిడ్డ పొట్ట మీదే చూపు నిలిపి, గోడ గడియారంలో ముల్లు పన్నెండు మీదికి రాగానే "లాభం... రెండు... మూడు..." అని మొదలుపెడితే, ముల్లు మళ్ళీ పన్నెండు మీదికి వచ్చేదాకా పక్కన పిడుగు పడినా తల తిప్పేది కాదు.

అలా ఆయా లెక్కపెట్టేది, సిస్టరు సంతకం పెట్టేది, నేను ఎక్కించేవాణ్ణి, పేరు డాక్టరు గారిది. వ్యవస్థ అంటే అదే గదా.

అయితే ఒకరోజు హేమంత్‌కుమార్ గారు నా కంప్యూటరు ముందు కూర్చుని మొహం చిట్లించారు. "ఏమిటయ్యా శంకరం, ప్రసన్నకుమారి డ్యూటీ ఉన్న రోజుల్లో అంకెలు చిందరవందరగా ఉన్నాయి? యాభై ఏడు, అరవై మూడు, నలభై ఒకటి. మిగతావాళ్ళవి చూడు ఎంత నీటుగా ఉన్నాయో. నలభై నాలుగు, నలభై ఎనిమిది, యాభై రెండు." విచారణ జరిగింది. ఆయా లెక్కపెడుతోందని బయటపడింది. ఇకమీదట ఆయాలు లెక్క జోలికి వెళ్ళరాదని సర్క్యులరు వేశారు. అప్పట్నుంచి అంకెలు క్రమశిక్షణ నేర్చుకున్నాయి. ప్రతిదీ నాలుగుతో నిశ్శేషంగా భాగారం పోయేది. నెలల తరబడి, పిల్లలందరూ, మూడుపూటలా! లోకంలో ఏ పసిగుడ్డయినా నాలుగో ఎక్కం ప్రకారం ఊపిరి తీస్తుందా? ఆ సంగతి నాకు ఆ వారంలోనే అర్థమైంది. మరి మీరేం చేశారండీ అంటారా? బాగానే చేశాను. ఎక్కించాను.

పరిశోధనకి రెండు వందల మంది పిల్లలు కావాలి. రెండువందలో బిడ్డ కుసుమ కూతురు. కుసుమ మొగుడు బంగార్రాజు కొల్లేట్లో చేపల చెరువుకి కాపలాదారు. చెరువు గట్టు మీద రేకుల షెడ్డులోనే కాపురం. అక్కణ్ణుంచి ఏలూరు రావాలంటే పడవెక్కి, ఆటో ఎక్కి, బస్సెక్కాలి. నెలలు నిండడానికి అయిదు వారాల ముందే పుట్టిన పిల్ల, బరువు కేజీ ఎనిమిది వందలు. ఆ పిల్లకి అక్కడ ఊపిరి ఆగితే దిక్కెవరో ఒక్కరూ ఆలోచించలేదు. ఎందుకంటే ఆ రోజు పదకొండు గంటలకి హైదరాబాదు నుంచి మృదుల గారని ఒక పెద్ద డాక్టరు పరిశోధన ముగింపు సభకి వస్తున్నారు. బ్యానరు కట్టేశారు. కేకు మీద 'రెండు వందలు' అని రాయించేశారు. కాగితంలో బిడ్డ ఊపిరి కూడా సిద్ధంగా ఉంది. యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు. బంగార్రాజు కింద ఆటో మాట్లాడి నిలబెట్టాడు.

ఫొటో కోసం బిడ్డకి కొత్త టోపీ పెట్టమని సుబ్బాయమ్మని పిలిచారు. టోపీ పెడుతూ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పిల్ల పొట్ట వంక చూసింది.

"డాక్టరు బాబూ, పిల్ల ఊపిరి బాగోలేదండి. ఇవాళ పంపకండి."

హేమంత్‌కుమార్ గారు నవ్వారు. అతిథి పక్కనుంటే ఆయన ఎప్పుడూ నవ్వుతారు. "మూడుసార్లు చూశాం సుబ్బాయమ్మా. యాభై రెండే ఉంది. ఇదుగో, అందరి ముందూ నేనే చూస్తాను," అని బంగారు గొలుసు వాచీ పైకెత్తి పావు నిమిషం చూశారు. "పదమూడు. అంటే యాభై రెండు! చూశారా మేడమ్, మా లెక్కలంటే అంత కచ్చితం." చప్పట్లు కూడా పడ్డాయి. మన దగ్గర చప్పట్లకేం కరువు.

"మధ్యలో ఊపిరి ఆపిందండి బాబూ. ఆపినప్పుడు చూసి మామూలంటే ఎలాగండి?" అంది సుబ్బాయమ్మ.

"నువ్వు తప్పుకో, ఫొటో తియ్యాలి."

సుబ్బాయమ్మ తప్పుకోలేదు. స్టూలు లాక్కుని బిడ్డ ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో పెద్దల ముందు ఆవిడ కూర్చోవడం నేను చూడలేదు. గడియారం వైపు చూసి, "లాభం," అంది.

సర్క్యులరు గుర్తుచెయ్యడానికి ప్రసన్నకుమారి సిస్టరు నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. హేమంత్‌కుమార్ గారు రెండుసార్లు పిలిచారు, మూడోసారి గద్దించారు. ఆవిడ పలికితేగా! "పద్దెనిమిది... పంతొమ్మిది... ఇరవై..." మాకు ఊపిరి తిప్పుకోవడానికి కూడా భయమేసింది. ఒకచోట ఆవిడ నోరు ఆగిపోయింది. పిల్ల పొట్ట కదలడం లేదు. మృదుల గారు తన చేతి వాచీ చూసుకుంటూ ముందుకొచ్చారు. అయిదు సెకన్లు. మళ్ళీ పొట్ట ఎగిసింది, సుబ్బాయమ్మ అందుకుంది. ముల్లు పన్నెండు మీదికి వచ్చేసరికి, "డెబ్భై ఒకటండి," అని తల ఎత్తింది.

"డెబ్భై ఒకటే," అన్నారు మృదుల గారు. ఆవిడా లెక్కపెట్టారన్నమాట.

ఆ మాట పూర్తయిందో లేదో పిల్ల మళ్ళీ ఊపిరి ఆపింది. ఈసారి అయిదు సెకన్లు దాటింది, పది దాటింది. పెదాలు నీలంగా తిరిగాయి. సుబ్బాయమ్మ పిల్ల అరికాలు మీద వేలితో టపటపా కొట్టింది. "తియ్యమ్మా, తియ్యి తల్లీ, ఊపిరి తియ్యి!" కుసుమ గుమ్మంలోనే కూలబడిపోయింది. మృదుల గారు మాస్కు అందుకుని గాలి కొట్టారు. పిల్ల కేర్‌మంది. నా జన్మలో అంత మంచి ఏడుపు వినలేదు. నాకూ ఏడుపొచ్చింది, బ్యానరు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

పిల్ల మళ్ళీ బుడగల మిషను మీదికి వెళ్ళింది. బంగార్రాజు కిందకెళ్ళి ఆటోని పంపించేశాడు. కేకు మాత్రం కోశారు. తెచ్చిన కేకు పారేస్తారా ఏమిటి? పన్నెండు రోజుల తర్వాత ఆ పిల్ల శుభ్రంగా ఊపిరి తీస్తూ ఇంటికెళ్ళింది. పరిశోధనలోంచి మాత్రం ఆ పిల్లని తీసేశారు. నిబంధనలకి విరుద్ధంగా బతికిందని కాబోలు.

పెద్దలకి మాట పోయింది గదా, ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి. మర్నాడే సుబ్బాయమ్మకి మెమో వచ్చింది. సర్క్యులరు ధిక్కరించి, అనుమతి లేకుండా, అతిథుల సమక్షంలో ఊపిరి లెక్కపెట్టినందుకు రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది.

"పంతులుగారూ, జవాబు మీరే రాసిపెట్టండి. నాకు ఇంగిలీషు రాదు గదండి."

"ఏమని రాయమంటారు?"

"చూశాను, లెక్కపెట్టాను అని రాయండి. ఇంకేం ఉందండీ అందులో?" అని నా ఎదురుగా కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అదిసరేగానీ, ముందు పంపించేసిన పిల్లల సంగతేంటండీ?"

నేను తప్పించుకోవచ్చు. మాటలు నాకూ వచ్చు. ఎందుకో ఆవిడ మొహం చూస్తే అబద్ధం రాలేదు. కంప్యూటరు ఆవిడ వైపు తిప్పి, నాలుగో ఎక్కం సంగతంతా చెప్పేశాను.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసండీ మీకు?"

"ఏడు నెలలు."

సుబ్బాయమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "చదువుకున్నారు గదండీ," అంది, అంతే. పేర్ల పక్కన ఉన్న ఫోను నంబర్లు చూపించి, "చెయ్యండి," అంది.

చేశాను. మొదటి ఇల్లు ఉంగుటూరు వైపు. "బాగున్నాడండీ, బోర్లా పడుతున్నాడు," అన్నారు. రెండోది, మూడోది, అందరూ బాగున్నారు. తొమ్మిదో ఫోనుకి నాకు కాస్త ధైర్యం కూడా వచ్చింది. అనవసరంగా కంగారుపడ్డామేమో అనుకున్నాను. పదోది నూట అరవై మూడో బిడ్డ. తల్లి సత్యవేణి, కొల్లేరు లంక గ్రామం. ఫోను ఆ అమ్మాయే ఎత్తింది.

"ఏలూరు ఆసుపత్రి నుంచమ్మా. పాప ఎలా ఉంది?"

"ఏ పాపండీ? మా పాప పోయిందండి. ఇంటికొచ్చిన నాలుగోరోజే. ఎగశ్వాస వస్తోందని మీకు ఫోను కూడా చేశామండి. కాగితం చూసి అంతా మామూలుగానే ఉందన్నారు గదండీ. ఇప్పుడెందుకు చేశారండీ?"

సుబ్బాయమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అమ్మా, నేను ఆయమ్మనమ్మా. పాపకి నేనే గుడ్డలు మార్చేదాన్ని. లెక్క తప్పు పెట్టామమ్మా. పాపని పంపకుండా ఉండాల్సింది. తప్పు మాదేనమ్మా."

ఆ లెక్క పెట్టింది ఆవిడ కాదు. పెట్టొద్దని ఆవిడనే ఆపారు. ఫోనులోంచి ఏడుపు నాకు ఇవతలికి వినబడుతోంది. సుబ్బాయమ్మ "ఏడువమ్మా, నేనున్నాను, పెట్టెయ్యను," అని అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

నేను నూట అరవై మూడో వరస తెరిచాను. ఫలితం అన్న గడిలో 'విజయవంతం' అని ఉంది. దాన్ని చెరిపేశాను. మార్పుకి కారణం రాయమని కంప్యూటరు అడిగింది. 'పాప చనిపోయింది, మా లెక్క తప్పు' అని కొట్టాను. సుబ్బాయమ్మ ఇంకా ఫోను పట్టుకునే ఉంది.